గ్రాఫ్‌లో లేని మూడు రన్లు

పేరు, ఊరు రాయొద్దని కోరిన ఒక పాఠకురాలు పది పేజీల ఉత్తరం రాశారు. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమెకు 28 ఏళ్లు. గోదావరి జిల్లాల్లో ఒక పల్లె. నాన్నగారు ఆ ఊళ్లోని చిన్న చర్చిలో పాస్టర్, అమ్మ అంగన్‌వాడీ టీచర్. ఎంటెక్ తర్వాత ఒక పెద్ద విద్యాసంస్థలో ఏరోస్పేస్‌లో పీహెచ్‌డీకి చేరారు. నాలుగో ఏడు పూర్తి కావస్తోంది. నెలకు 42,000 రూపాయల ఫెలోషిప్ వస్తే అందులో 15,000 ఇంటికి పంపుతారు. తమ్ముడి డిగ్రీ ఫీజు దాంతోనే గడుస్తోంది.

భూముల సర్వే కోసం ఊళ్ల మీద ఎగిరే చిన్న రెక్కల డ్రోన్ మీద ఆమె పని. రెక్క నమూనాను విండ్ టన్నెల్‌లో, అంటే ఫ్యాన్‌తో గాలి వీచే సొరంగంలో బిగించి, గాలికి ఎదురుగా దాన్ని ఎంత కోణంలో ఎత్తితే ఎంత లిఫ్ట్ (పైకి లేపే బలం) వస్తుందో, ఏ కోణం దగ్గర ఆ లిఫ్ట్ ఒక్కసారిగా పడిపోతుందో కొలుస్తారు. అలా పడిపోవడాన్ని స్టాల్ అంటారు. డ్రోన్లు తయారుచేసే ఒక కంపెనీ ఈ ప్రాజెక్ట్‌కు డబ్బిస్తోంది. అలా ఒకసారి కొలవడాన్ని రన్ అంటారు. మొత్తం 17 రన్లు చేశారు. 14 రన్లలో స్టాల్ 12 డిగ్రీల దగ్గర వచ్చింది. మిగతా 3 రన్లలో 9 నుంచి 12 డిగ్రీల మధ్య లిఫ్ట్ బాగా తక్కువగా కనిపించింది. గైడ్ ఆ గ్రాఫ్ చూసి "బ్యాలెన్స్ డ్రిఫ్ట్ అయి ఉంటుంది, ఆ మూడూ తీసేయ్" అన్నారు. అంటే బలాన్ని తూచే పరికరం సున్నా నుంచి మెల్లగా జరిగి తప్పు చూపి ఉంటుందని. ఆమె తీసేశారు. పేపర్‌ను జర్నల్ అంగీకరించింది, అచ్చుకు ముందు సరిచూసుకోవాల్సిన ప్రూఫులు ఇంకా రాలేదు. తీసేసిన రన్ల మాట పేపర్‌లో ఎక్కడా లేదు. పైగా, ఎన్నిసార్లు చేసినా ఫలితాల్లో తేడా 2 శాతం లోపే ఉందని ఒక వాక్యం ఉంది. "ఆ వాక్యం టైప్ చేసింది నేనే మేడమ్. అప్పటి నుంచి సరిగా నిద్ర పట్టడం లేదు" అని రాశారు.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నాన్నగారికి చెప్పారట. ఆయన కోప్పడలేదు. సామెతల గ్రంథంలో దొంగత్రాసు గురించి ఉన్న మాటను గుర్తుచేసి, లేచి వాకిట్లోకి వెళ్లి కూర్చున్నారు. మర్నాడు పొద్దున మాత్రం ఇంకో ప్రశ్న వేశారు. "అమ్మా, రేపు ఈ డ్రోన్లు ఎవరి మీదా బాంబులు వెయ్యవని నీకు తెలుసా?" ఆమె దగ్గర జవాబు లేదు.

ల్యాబ్‌లో మరో ఇబ్బంది. రన్ మొదలుపెట్టే ముందు ఆమె ఒక్క నిమిషం కళ్లు మూసుకుంటారు. "రీడింగులు దేవుడు సరిచేస్తాడా?" అని తోటివాళ్లు నవ్వుతారు. ఆయుధపూజ రోజు టన్నెల్ ఫ్యాన్‌కు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొడితే తానూ అక్కడే నిలబడి ప్రసాదం తీసుకుంటానని, ఆ రోజు ఎవరూ నవ్వరని రాశారు.

చివరికి అడిగింది ఇది. "ఇంజినీరింగ్ మానేసి ఎథిక్స్ గానీ పబ్లిక్ పాలసీ గానీ చదువుదామనుకుంటున్నాను. గైడ్ మీద ఫిర్యాదు చేయాలా? నోరు మూసుకుని డిగ్రీ తీసుకోవాలా? మానేయాలా?"

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ బాధే కనిపించింది. రెండోసారి ఏడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. మీరు దాన్ని మామూలుగా రాసి దాటిపోయారు. ఆ మూడు రన్లూ ఒకే సాయంత్రం చేశారు. అంతకుముందు గాలి దారి కనిపించేలా పొగతో ఫొటోలు తీయడానికి రెక్కను 16 డిగ్రీల్లో ఎత్తి ఉంచారు. టన్నెల్ ఆపరేటర్‌కు బస్సు టైమవుతోందని, సున్నాకు దించి మొదలుపెట్టకుండా, పై నుంచి కిందికి దిగుతూ రీడింగులు తీసుకున్నారు. మూడుసార్లూ అలాగే చేశారు. మిగతా 14 రన్లూ కింది నుంచి పైకి.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఏరోడైనమిక్స్ పాఠం చెప్పాను. అందుకే ఆ వాక్యం చదవగానే కుర్చీలో ముందుకు జరిగాను. మీ రెక్క రేనాల్డ్స్ సంఖ్య (రెక్క పరిమాణాన్ని, గాలి వేగాన్ని కలిపి చెప్పే అంకె) దాదాపు 80,000 అని రాశారు. అంత చిన్న రెక్కల మీద, అంత తక్కువ వేగాల్లో, గాలికి ఒకలాంటి జ్ఞాపకం ఉంటుంది. కోణం పెంచుకుంటూ పోతే రెక్క ముందు అంచు దగ్గర విడిపోయిన గాలి చిన్న బుడగలా ఏర్పడి, వెనకాల మళ్లీ రెక్కను అంటుకుంటుంది. 12 డిగ్రీల దగ్గర ఆ బుడగ పగిలి లిఫ్ట్ పడిపోతుంది. ఇప్పుడు కోణం తగ్గించుకుంటూ రండి. 12 దగ్గరికి రాగానే గాలి మళ్లీ అంటుకోదు. 11కీ అంటుకోకపోవచ్చు, 10కీ అంటుకోకపోవచ్చు. ఇంకా కిందికి దిగాకే అంటుకుంటుంది. దీన్నే హిస్టరెసిస్ అంటాం. 1980ల్లో అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో థామస్ మ్యూలర్ చిన్న రెక్కల మీద దీన్ని జాగ్రత్తగా కొలిచారు. 1842లో కాథలిక్ ఫాదర్లు స్థాపించిన విశ్వవిద్యాలయం అది. ఈ సంగతి ఎందుకు చెప్పానో తర్వాత చెబుతాను.

అంటే, ఆ మూడు రన్లు తప్పు రీడింగులు కాకపోవచ్చు. మీ రెక్క గురించి మిగతా 14 రన్లు చెప్పని సంగతి అవి చెబుతూ ఉండొచ్చు. కాకపోవచ్చు కూడా. మీ గైడ్ అన్నట్టు బ్యాలెన్స్ డ్రిఫ్టే కారణమైతే అది తేల్చుకోవడం పెద్ద కష్టం కాదు. ఆ సాయంత్రం గాలి ఆపాక తీసిన సున్నా రీడింగులు చూడండి. రన్‌కు ముందు సున్నాకూ తర్వాత సున్నాకూ తేడా ఎంత? టన్నెల్‌లో ఉష్ణోగ్రత ఎంత పెరిగింది? డ్రిఫ్ట్ అయితే అన్ని కోణాల్లోనూ గీత పక్కకు జరగాలి. మీరు రాసినదాన్ని బట్టి 9 లోపు, 12 పైన గీతలు కలిసిపోయాయి, మధ్యలో మాత్రమే విడిపోయాయి. డ్రిఫ్ట్ అలా ఒక ముక్కను ఎంచుకుని పట్టుకోవడం నేను చూడలేదు.

ఇక్కడ మిమ్మల్ని ఒకటి అడగాలి. పై నుంచి కిందికి దిగుతూ రీడింగులు తీసుకున్నామని మీ గైడ్‌కు చెప్పారా? ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. చెప్పకపోయి ఉంటే ఆయన ముందున్నది ఒక గ్రాఫ్, అందులో 14 గీతలు ఒకచోట, 3 గీతలు మరోచోట. అలాంటప్పుడు అనుభవమున్న వాళ్లు ఎవరైనా ముందు బ్యాలెన్స్‌నే అనుమానిస్తారు. కారణం కనుక్కోకుండా తీసేయమనడం తొందరపాటే, దాన్ని నేను సమర్థించను. కానీ తొందరపాటు వేరు, మోసం వేరు. మీ మనసులో ఆయన ఇప్పటికే మోసగాడైపోయారు, మీరు ఆ మోసంలో భాగస్వామి అయిపోయారు. ఆ తీర్పుకు కావలసిన సాక్ష్యం ఇంకా రాలేదు. సగం సమాచారం మీ దగ్గరే ఉండిపోయింది.

నేను కొత్తగా టన్నెల్‌లో చేరిన రోజుల్లో అక్కడ ఒక పాత టెక్నీషియన్ ఉండేవారు. రెక్క మీద గాలి ఎటు పోతోందో చూడడానికి దారప్పోగులు టేపుతో అంటించేవాళ్లం. ఒక రన్ మధ్యలో నేను అంటించిన టేపు ఊడి, రీడింగులు పిచ్చిపిచ్చిగా వచ్చాయి. సిగ్గేసి లాగ్‌బుక్‌లో ఆ రన్ నంబరు కొట్టేయబోయాను. ఆయన నా చేతిలోంచి పెన్ను తీసుకుని, ఆ నంబరు అలాగే ఉంచి, పక్కన ఎర్ర సిరాతో "టేపు ఊడింది" అని రాసి పుస్తకం నా వైపు తిప్పారు. "నంబరు ఎప్పుడూ కొట్టెయ్యకండి, కారణం రాయండి" అన్నారు. ఆ తర్వాత నేను చదివిన రీసెర్చ్ ఎథిక్స్ అంతా ఈ ఒక్క పనిలో ఇమిడిపోతుందని నాకు అనిపిస్తుంది. కారణం తెలిస్తే రన్ పక్కన పెట్టొచ్చు. తెలియకపోతే తెలియదని రాయాలి. లేనట్టు మాత్రం చూపించకూడదు.

సైన్స్ చరిత్రలో దీనికి పేరుపొందిన ఉదాహరణ రాబర్ట్ మిలికన్. ఎలక్ట్రాన్ ఆవేశాన్ని నూనె చుక్కలతో కొలిచి 1923లో నోబెల్ అందుకున్నారు. 1913 నాటి ఆయన పేపర్‌లో 58 చుక్కల లెక్క ఉంది. ఇవి ఏరుకున్నవి కావు, 60 రోజుల్లో వరసగా చూసిన చుక్కలన్నీ ఇవేనని కూడా అందులో రాశారు. తర్వాత ఆయన నోట్‌పుస్తకాలు తెరిచి చూస్తే, పేపర్‌లోకి రాని చుక్కలు ఇంకా చాలా కనిపించాయి. వాటిలో చాలావాటిని పక్కన పెట్టడానికి సరైన కారణాలే ఉన్నాయని చెప్పేవాళ్లున్నారు. జవాబు కూడా దాదాపు సరైనదే వచ్చింది. అయినా వందేళ్ల తర్వాత కూడా "అన్నీ ఇవే" అన్న ఆ ఒక్క వాక్యం ఆయన పేరుకు అంటుకునే ఉంది. మీ 2 శాతం వాక్యం కూడా అదే జాతిది. మూడు రన్లు తీసేయడం కంటే ఆ వాక్యమే మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతోందని నాకనిపిస్తోంది, సరిగ్గానే బాధపెడుతోంది.

పక్కన పెట్టిన లెక్కలు మనుషుల ప్రాణం తీసిన సందర్భం కూడా ఉంది. 1986 జనవరి 27 రాత్రి, అమెరికా అంతరిక్ష నౌక చాలెంజర్ ప్రయోగానికి ముందు, దాని బూస్టర్ రాకెట్ల అతుకులను మూసి ఉంచే రబ్బరు ఓ-రింగులు చలికి గట్టిపడతాయని ఇంజినీర్లు భయపడ్డారు. ఉష్ణోగ్రతకూ ఓ-రింగులు దెబ్బతినడానికీ సంబంధం ఉందా అని చూసినవాళ్లు, అంతకుముందు అవి దెబ్బతిన్న ప్రయోగాలనే లెక్కలోకి తీసుకున్నారు. ఏ దెబ్బా లేకుండా వెళ్లివచ్చిన ప్రయోగాలను పక్కన పెట్టేశారు. అలా చూస్తే సంబంధం ఏమీ కనిపించలేదు. ప్రమాదం తర్వాత విచారణ కమిషన్ అన్నిటినీ కలిపి చూసింది. దాదాపు 19 డిగ్రీల సెల్సియస్, ఆ పైన జరిగిన 20 ప్రయోగాల్లో దెబ్బతిన్నవి 3. దాదాపు 17 డిగ్రీలు, ఆ కింద జరిగిన ప్రయోగాలు 4, ఆ నాలుగూ దెబ్బతిన్నాయి. చాలెంజర్ ఎగిరిన పొద్దున చలి సుమారు 2 డిగ్రీలు. ఏడుగురు పోయారు. ఆ రాత్రి వద్దని వాదించిన రోజర్ బాయ్‌జాలీ లాంటి ఇంజినీర్లు ఉన్నారు. కానీ వాళ్ల చేతిలో ఆ పూర్తి బొమ్మ లేదు.

మీ డ్రోన్ చాలెంజర్ కాదు, నిజమే. అయినా ఆలోచించండి. కంపెనీవాళ్లు మీ పేపర్ చూసి ఆటోపైలట్‌లో 12 అంకె పెట్టుకుంటారు. ఎక్కడో పొలాల మీద ఎదురుగాలికి ముక్కు పైకి లేచి రెక్క స్టాల్ అవుతుంది. ఆటోపైలట్ ముక్కును 11కు దించి, ఇక లిఫ్ట్ వచ్చేసింది అనుకుంటుంది. రెక్కకు మాత్రం 9 దాకా దిగితే గానీ లిఫ్ట్ రాదు. ఆ మధ్యలో కొన్ని కిలోల యంత్రం కిందికి వస్తూ ఉంటుంది. కింద నాట్లు వేసే వాళ్లుండొచ్చు.

కాబట్టి మీరు కలిపి ముడివేసిన విషయాల్లో మొదట తేలాల్సింది ఇదే. విశ్వాసం, యుద్ధం, పాలసీ, ఇవన్నీ పెద్ద ప్రశ్నలే, కాదనను. కానీ వాటికి ప్రూఫుల గడువు లేదు, దీనికి ఉంది.

మీ ముందున్న దారులు చూద్దాం. లాగ్‌బుక్, సున్నా రీడింగులు, పొగ ఫొటోలు పట్టుకుని గైడ్ దగ్గరికి వెళ్లడం ఒక దారి. "సార్, తప్పు చేశాం" అని మొదలుపెట్టకండి. "సార్, ఆ రోజు మనం పై నుంచి కిందికి వచ్చాం, మీకు చెప్పడం మర్చిపోయాను. ఇది హిస్టరెసిస్ ఏమో చూద్దామా? రెండు రోజులు టన్నెల్ ఇప్పిస్తే పైకీ కిందికీ మళ్లీ చేస్తాను" అనండి. పరిశోధన మీద మనసున్న గైడ్ అయితే ఈ మాటకు కదులుతారు. అప్పుడు ఎడిటర్‌కు ఇద్దరూ కలిసి ఉత్తరం రాయొచ్చు. ప్రూఫుల దశలో పెద్ద మార్పులు సొంతంగా చేయకూడదు, ఎడిటర్ అనుమతి కావాలి, మళ్లీ రివ్యూకు పంపొచ్చు. మూడు, నాలుగు నెలలు ఆలస్యం అవుతుంది. ఫెలోషిప్ అయిదేళ్లకు ఆగిపోతుంది కనుక ఆ నెలలు మీకు, మీ తమ్ముడికి ఖరీదైనవేనని నాకు తెలుసు. గడువు విషయంలో మాత్రం మరీ టెన్షన్ వద్దు. యూజీసీ 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి ఆరేళ్లు, స్త్రీలకు పైన రెండేళ్ల సడలింపు ఉంది. మీ సంస్థకు సొంత నిబంధనలు ఉంటే అవి ఇప్పుడే చదివి పెట్టుకోండి. మళ్లీ చేసిన రన్లలో హిస్టరెసిస్ నిజమని తేలితే, మీ పేపర్ ఇప్పుడున్న దానికంటే చాలా మంచి పేపర్ అవుతుంది. ఇది మిమ్మల్ని ఊరడించడానికి చెప్పే మాట కాదు.

ఆయన ఒప్పుకోకపోతే? ప్రాజెక్ట్ రిపోర్ట్ గడువనో, కంపెనీ ఒప్పుకోదనో అంటే? అప్పుడు మీరు కనీసం అడగగలిగింది, ఆ 2 శాతం వాక్యం తీసేసి, 17 రన్లలో 3 పక్కన పెట్టామని, ఎందుకు పెట్టామో ఒకటి రెండు వాక్యాల్లో రాయడం. చిన్న మార్పే, ఎడిటర్లు సాధారణంగా ఒప్పుకుంటారు. దాంతో మీ పేపర్ అబద్ధం చెప్పదు, కానీ అసలు ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. అది థీసిస్‌లో మీరు తేల్చుకోవచ్చు. థీసిస్ మీ పేరు మీద ఉంటుంది, అందులో 17 గీతలూ గీసే హక్కు మీది.

పేపర్‌ను ఇలాగే పోనిచ్చి, థీసిస్‌లో మాత్రం అన్నీ చూపించడం మీకు తేలిక దారిలా కనిపిస్తుంది. నేను ఒద్దంటాను. వైవాలో, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో, ఎగ్జామినర్ రెండూ పక్కపక్కన పెట్టి "ఇక్కడ 14, అక్కడ 17 ఎందుకమ్మా?" అని అడుగుతారు. ఆ రోజు జవాబు చెప్పాల్సింది మీరే. గైడ్ పక్కన కూర్చుని ఉంటారంతే.

ఏమీ మాట్లాడకుండా డిగ్రీ తీసుకోవడం గురించి కూడా నిజాయితీగా చెబుతాను. చాలామంది అలాగే చేస్తారు, చాలామందికి ఏమీ కాదు. మీ ఇంటి పరిస్థితిలో ఆ దారి ఎంచుకున్న వాళ్లను నేను తిట్టను. కానీ నిద్ర పట్టడం లేదని రాసింది మీరే. అచ్చయ్యాక సరిదిద్దుకోవడం ఇప్పటికంటే కష్టం. అలాగని అసాధ్యం కాదు. ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ అని 2018లో రసాయనశాస్త్ర నోబెల్ పొందినావిడ ఉన్నారు. ఆమె మొదట చదివింది మీలాగే మెకానికల్, ఏరోస్పేస్ ఇంజినీరింగ్. 2019లో ఆమె ల్యాబ్ నుంచి వచ్చిన ఒక పేపర్‌లోని ఫలితాలు మళ్లీ చేస్తే రాలేదు, ల్యాబ్ నోట్‌బుక్‌లో ముఖ్యమైన వివరాలు లేవు. 2020 జనవరి మొదట్లోనే ఆమె ఆ పేపర్‌ను వెనక్కి తీసుకుని, తన పని సరిగా చేయలేదని అందరి ముందూ క్షమాపణ చెప్పారు. ఆమె మీద గౌరవం తగ్గలేదు. నాకైతే పెరిగింది.

ఫిర్యాదు చివరి మెట్టు. గైడ్‌తో మాట్లాడకుండా ఆ మెట్టు ఎక్కితే, ఆయన నిజంగా తప్పు చేయకపోయినా మీ ఇద్దరి మధ్య నమ్మకం పోతుంది. మాట్లాడాక, ఆయన మిమ్మల్ని బెదిరిస్తేనో, మళ్లీ చేసిన రన్లు కూడా దాచమంటేనో, అప్పుడు డాక్టోరల్ కమిటీలో మీరు నమ్మే ఒక సభ్యుడిని కలవండి. కోర్సువర్క్‌లో మీరు చదివిన రెండు క్రెడిట్ల రీసెర్చ్ ఎథిక్స్ పేపర్ గుర్తుందా? నచ్చిన డేటా ఏరుకుని చూపించడం ఆ సిలబస్‌లోనే ఒక అంశం. కమిటీ ముందు మీరు కొత్తగా ఏదో కనిపెట్టి మాట్లాడనక్కర్లేదు, వాళ్లు నేర్పిన పాఠమే వాళ్లకు గుర్తుచేస్తారు. ఏ మెట్టు దగ్గరైనా చేతిలో తేదీలు, లాగ్‌బుక్ పేజీల ఫొటోలు ఉండాలి. నోటిమాటలు మిగలవు.

ఇప్పుడు నాన్నగారి మాట. ఆయన అన్న దొంగత్రాసు మీ గుండెల్లో గుచ్చుకుంది. మీ బ్యాలెన్స్‌ను తెలుగులో త్రాసనే అనాలి కదా, అందుకే మరీ గుచ్చుకుని ఉంటుంది. మీ త్రాసు దొంగది కాదమ్మా. అది ఆ సాయంత్రం తూచింది తూచినట్టే చెప్పింది. ఆ తూకాన్ని మీరూ మీ గైడూ పూర్తిగా చదవకుండా పక్కన పెట్టారు. దాన్ని సరిచేసుకునే టైం మీకు ఇంకా ఉంది. ఇదే మాట ఆయనకు ఫోన్‌లో చెప్పండి. వాకిట్లో కూర్చున్న మనిషికి మీ మీద కోపం కాదు, మీ చదువులో తాను సాయపడలేని చోటు వచ్చిందన్న బెంగ అయి ఉండొచ్చు.

ల్యాబ్‌లో నవ్వేవాళ్ల గురించి. మీరు చెప్పిన పోలిక సరైనది, బాధ న్యాయమైనది. ఒకరి కొబ్బరికాయ ఆచారం, మరొకరి మౌనం హాస్యం ఎలా అవుతుంది? శ్రీహరికోటలో ప్రయోగానికి ముందు ఇస్రో వాళ్లు రాకెట్ నమూనాతో తిరుమల వెళ్లడం మనకు తెలిసిందే. 2023 జులైలో చంద్రయాన్-3కి ముందూ వెళ్లారు. ఆ నమస్కారం ఏ వాల్వునూ బిగించదు, వాళ్లకూ అది తెలుసు. లెక్కలు లెక్కల్లాగే సరిచూసుకుంటారు. మీ ఒక్క నిమిషం కూడా అంతే. "రీడింగులు దేవుడు సరిచేస్తాడా?" అని ఈసారి ఎవరైనా అంటే, "లేదు, ఉన్నవి ఉన్నట్టు రాసే ధైర్యం అడుగుతున్నాను" అని చెప్పొచ్చు. చెప్పకుండా ఊరుకున్నా తప్పులేదు. నోటర్‌డామ్ సంగతి చెప్పింది కూడా ఇందుకే. ప్రార్థనా మందిరమున్న ఆ క్యాంపస్‌లోనే మీ రెక్క లాంటి రెక్కల్ని అంత ఖచ్చితంగా కొలిచారు.

నాన్నగారికి ఇంకో కథ కూడా చెప్పండి, ఆయనకు నచ్చుతుంది. 1960ల మొదట్లో కేరళలోని తుంబాలో రాకెట్ కేంద్రానికి స్థలం కావలసి వచ్చింది. అక్కడ జాలర్ల ఇళ్లు, సెయింట్ మేరీ మగ్దలీన్ చర్చి ఉన్నాయి. విక్రమ్ సారాభాయ్ వెళ్లి బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరేరాను అడిగితే, ఆయన ఆదివారం ఆరాధనలో విశ్వాసుల ముందు ఆ మాట పెట్టి, వాళ్ల అంగీకారంతో చర్చిని ఇచ్చారు. 1963 నవంబర్ 21న అక్కడి నుంచి మొదటి రాకెట్ లేచింది. చర్చి భవనమే కొన్నాళ్లు ఆఫీసు, ఇప్పుడది మ్యూజియం. ఒక పాస్టర్ కూతురు ఆకాశం లెక్కలు చేయడంలో పరాయితనం ఏమీ లేదు.

బాంబుల ప్రశ్నకు మాత్రం నా దగ్గర కూడా హామీ లేదు. రెక్కకు తాను ఏం మోస్తోందో తెలియదు. మీ లిఫ్ట్ గీత సర్వే డ్రోన్‌కూ పనికొస్తుంది, ఇంకోదానికీ పనికొస్తుంది. ఇది రెండు వైపులా నిజమే. అగ్ని క్షిపణి కోసం చేసిన తేలికైన పదార్థంతో అబ్దుల్ కలాం గారి బృందం హైదరాబాద్ నిమ్స్‌లో పోలియో పిల్లలకు కాలిపర్లు (నడవడానికి కాళ్లకు కట్టుకునే ఆధారాలు) చేయించింది. మూడు కిలోల పైన బరువున్నవి కొన్ని వందల గ్రాములకు దిగాయి. అలా అని ఆ పదార్థం క్షిపణికి పనికిరాకుండా పోలేదు. మీరు చేయగలిగింది ఒప్పందం చదవడం. కంపెనీ ఈ ఫలితాలను దేనికి వాడుకోవచ్చని రాసుకుంది, వేరేవాళ్లకు అమ్మొచ్చా, అది గైడ్‌ను అడిగే హక్కు మీకుంది. జవాబు మీ మనసుకు ఒప్పకపోతే, ఈ ప్రాజెక్ట్ ముగించి తర్వాత ఎక్కడ పని చేయాలో ఎంచుకోండి. ఆ గీత ఎక్కడ గీసుకోవాలో మీ బదులు నేను చెప్పలేను, నాన్నగారు కూడా చెప్పకూడదనుకుంటాను.

చివరిగా, పాలసీ. ఆ కోరిక మంచిది. దానికి వెళ్లే దారి గురించే నా భయం. ఇంజినీరింగ్‌లో ఎథిక్స్ లేదు, వేరే డిపార్ట్‌మెంట్‌లో ఉంటుంది, అక్కడికి పారిపోదాం అని మీరు అనుకుంటున్నట్టు నాకు తోచింది. బోయింగ్ 737 మ్యాక్స్ విమానాల సంగతి చూడండి. అవి కూలి 2018 అక్టోబర్ 29న ఇండోనేషియాలో 189 మంది, 2019 మార్చి 10న ఇథియోపియాలో 157 మంది చనిపోయారు. మీరు టన్నెల్‌లో డిగ్రీల్లో కొలుస్తున్న ఆ కోణమే అక్కడ విషయం. దాన్ని కొలిచే సెన్సర్లు విమానానికి రెండుంటే, ముక్కును కిందికి నెట్టే ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్ ఒక్కదాన్నే నమ్మింది. తనిఖీ పనిలో చాలా భాగాన్ని అమెరికా ప్రభుత్వ సంస్థ కంపెనీ ఉద్యోగులకే అప్పగించి ఉంచింది. అక్కడ సెన్సర్, సాఫ్ట్‌వేర్, చట్టం, మనిషి మనస్సాక్షి, ఏదీ విడిగా లేదు. మన దగ్గర 2021 డ్రోన్ నిబంధనల కింద ఒక డ్రోన్ నమూనాను ఆమోదిస్తూ టైప్ సర్టిఫికెట్ ఇచ్చే బల్ల దగ్గర, స్టాల్ గీత చూసి "కిందికి వచ్చేటప్పుడు కొలిచారా?" అని అడగగల మనిషి కావాలి. ఆ ప్రశ్న పాలసీ పుస్తకం చదివితే రాదు. మీకు ఇప్పటికే వచ్చు.

అందుకే వీలైతే పీహెచ్‌డీ ముగించి వెళ్లమంటాను. బెంగళూరులో జేఆర్‌డీ టాటా ఆలోచనతో 1988లో మొదలైన నియాస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్) ఉంది. అక్కడ ఇంజినీర్లు, తత్వశాస్త్రం వాళ్లు, పాలసీ వాళ్లు ఒకే చోట పనిచేస్తారు. గాలి ప్రవాహాల మీద జీవితమంతా పనిచేసిన రొద్దం నరసింహ దానికి 1997 నుంచి 2004 దాకా డైరెక్టర్. ఆయన భారతీయ తాత్విక ఆలోచన మీద కూడా అంతే శ్రద్ధగా రాశారు. ఐఐటీ ఢిల్లీలో పబ్లిక్ పాలసీ స్కూల్ ఉంది. కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ పాలసీ ఫెలోషిప్‌లు ఉన్నాయి, ప్రకటన వచ్చినప్పుడు అర్హతలు చూసుకోండి. ఇప్పుడే మానేసినా ఇవన్నీ మూసుకుపోవు. కాకపోతే ఎంటెక్‌తో వెళ్లాలి, ఇంటికి పంపే 15,000 ఆగుతాయి, ఆ మూడు రన్లు మాత్రం మీతోనే వస్తాయి. గైడ్‌తో మాట్లాడాక, మళ్లీ రన్లు చేశాక కూడా ఈ పని మీద మనసు రాకపోతే, అప్పుడు మానేయండి. ఆ నిర్ణయాన్ని నేను గౌరవిస్తాను.

ఈ వారం ఒక్క పని చేయండి. ఆ సాయంత్రం లాగ్‌బుక్ పేజీ ఫొటో తీసి పెట్టుకుని, పక్కన మీ చేతిరాతతో, కొట్టివేతలు లేకుండా, ఆ రోజు ఏం జరిగిందో తేదీ వేసి రాయండి. బస్సు సంగతి కూడా రాయండి. తర్వాత గైడ్‌ను టైం అడగండి. టన్నెల్ దొరికి మళ్లీ రన్లు చేశాక ఏం వచ్చిందో నాకు తప్పకుండా రాయండి. గాలి మళ్లీ ఏ కోణం దగ్గర రెక్కను అంటుకుందో తెలుసుకోవాలని నాకూ ఆత్రంగా ఉంది.